అమ్మ ట్యాబ్‌లో పసుపు గీతలు

బ్రేకమ్మ అన్న పేరు ఆవిడకి ఎవరు పెట్టారో గానీ, ఆవిడ దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళంతా చాటుగా ఆ పేరుతోనే చెప్పుకునేవాళ్ళు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళకి ఉన్నట్టే పక్కన కూర్చుని నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆవిడ కుడికాలు ఆ బ్రేకు మీదే కాపురం ఉండేది. ఎదురుగా పావురం వాలినా తొక్కేది, ఎక్కడో దూరంగా సిగ్నలు పసుపుకి మారినా తొక్కేది. ఇంట్లో సోఫాలో కూర్చుని కూడా ఉన్నట్టుండి నేలకేసి కాలు నొక్కితే, "ఇల్లు ఎక్కడికీ పోదులేవే" అనేవాడు మొగుడు. ఆయన స్కూళ్ళకి బెంచీలు చేసే వడ్రంగి. రోజంతా రంపం హోరులో ఉండి వస్తాడు కాబట్టి ఇంట్లో ఆయనకి ఏదీ పెద్ద శబ్దంగా అనిపించదు, ఏదీ పెద్ద ప్రమాదంగానూ కనిపించదు.

బ్రేకమ్మ వాళ్ళమ్మ పోయి రెండేళ్ళయింది. ఆ తల్లి బతికినన్నాళ్ళూ పొద్దున లేవగానే గ్రంథంలో ఒక అధ్యాయం పైకి చదివిగానీ మరో పని ముట్టేది కాదు. అమ్మ ఉండగా ఆ చదువుని పెద్దగా పట్టించుకోని బ్రేకమ్మకి, ఆవిడ పోయాక పొద్దుటిపూట ఇంట్లో ఏదో వెలితిగా అనిపించి, తనే చదవడం మొదలుపెట్టింది. అయితే అమ్మ గ్రంథం చేతికి బరువు, కంటికి చీమలబారు. పొద్దున ఇంట్లో చదువుదామంటే తొలి పాఠం వేళవుతుంది. కారులో పెట్టుకుని పాఠానికీ పాఠానికీ మధ్య చదువుదామంటే దాన్ని ఎక్కడ పెట్టాలో తోచదు. సీటు మీద పెడితే ఎవరో ఒకరు దానిమీదే కూలబడతారు. డ్యాష్‌బోర్డు మీద పెడితే మలుపు మలుపుకీ జారుతుంది. కాళ్ళ దగ్గర పెట్టడానికి మనసొప్పదు.

అలాంటప్పుడు అలమరలో అమ్మ చీరల కింద పడి ఉన్న ట్యాబ్ గుర్తొచ్చింది.

గుర్తు రావడమేమిటి, అది ఆవిడ మర్చిపోతే కదా. అమ్మ మంచాన పడ్డప్పుడు చెల్లెలు ఆ ట్యాబ్ కొని, అందులో గ్రంథం పెట్టించి, అక్షరాలు బొద్దుగా కనపడేట్టు చేసి అమ్మ చేతికిచ్చింది. ఆఖరి రోజుల్లో అమ్మకి చూపు నిలవకపోతే బ్రేకమ్మ పాత పుస్తకం పట్టుకుని పక్కన కూర్చుని తడుముకుంటూ చదివేది. చెల్లెలిది బస్టాండులో మైకు ముందు ఉద్యోగం. ఏ బస్సు ఏ ఊరికి, ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో రోజంతా చెప్పే గొంతు. చెల్లెలు వచ్చి కూర్చుని ట్యాబ్‌లో చూస్తూ చదివితే గది గదంతా నిండిపోయేది. అమ్మ మొహం విప్పారేది. ఒక సాయంత్రం అలా చదువుతూ చదువుతూ ఉండగా, అధ్యాయం సగంలో, పరుపుల దుకాణం ప్రకటన ఒకటి ఇల్లు దద్దరిల్లేలా మోగింది. పాట, డప్పు, సగం ధరకే పరుపులు! చెల్లెలు కంగారులో ఏది నొక్కినా ఆగలేదు.

"అమ్మకి దేవుడి మాట వినిపిస్తున్నావా, పరుపులమ్ముతున్నావా?" అంది బ్రేకమ్మ. అక్కడితో ఆగినా పోయేది. "మైకులో వాగి వాగి నీకు ఏది చదివినా ఒకటే అయిపోయింది" అని కూడా అంది.

"నువ్వేం చేశావు? పక్కన కూర్చుని బ్రేకులు తొక్కావు. ఏనాడైనా దేన్నైనా ముందుకి పోనిచ్చావా?" అంది చెల్లెలు.

మర్నాడు పొద్దున్నే అమ్మ పోయింది. ఆ రెండు మాటలూ అలాగే ఉండిపోయాయి. పలకరింపులు తెగాయి. చెల్లెలు ట్యాబ్‌ని అమ్మ దిండు మీదే వదిలి వెళ్ళిపోతే, అది అమ్మ చీరలతో పాటు అలమరలోకి చేరింది.

ఇప్పుడు దాన్ని బయటికి తీసి, మొగుడి చేత ఛార్జింగ్ పెట్టించి, తెరిచింది. గ్రంథం తెరుచుకుంది. అక్షరాలు బొద్దుగా, కళ్ళద్దాలు లేకపోయినా కనపడేట్టు ఉన్నాయి. అయినా మొదట్లో ఆవిడకి కుదురు కలగలేదు. పుస్తకంలోనైతే ఫలానా మాట ఎడమ పేజీలో కింద ఉంటుందని కంటికి ఒక గుర్తు. ఇక్కడ ఎంత జరిపినా జరుగుతూనే ఉంటుంది, అటు ఒడ్డు లేదు, ఇటు ఒడ్డు లేదు. వేలు కాస్త తగిలితే చాలు, ఎక్కడో అయిదారు అధ్యాయాల అవతల తేలుతుంది. నిన్న ఆపిన చోట ఇవాళ తెరుచుకోకపోయినా, వేలే తగిలి ఉంటుందనుకునేది. భక్తిగా ఒక వాక్యం మీద ఆగితే, రేపు వాన పడవచ్చని పైనుంచి ఒక చీటీ జారుతుంది. ఇంకో సందేహం కూడా పీకేది. తెరిచి ఉన్నంతసేపూ ఇది గ్రంథమే. మరి ఆపేశాక? సీటు కింద నూనెగుడ్డల పక్కన పెట్టవచ్చా? మొగుణ్ణి అడిగితే, "ఆపేశాక అది అద్దం ముక్క. నీ మొహం కనపడుతుంది చూడు" అన్నాడు. ఆవిడకి ఆ సమాధానం నచ్చక, పాత స్వెట్టరు తెచ్చి అందులో చుట్టి పెట్టుకోసాగింది.

ఒకటి మాత్రం ఆవిడని ఆ ట్యాబ్‌కి కట్టిపడేసింది. చదువుతూ పోతుంటే అక్కడక్కడా కొన్ని వాక్యాల మీద పసుపు రంగు పూసి ఉండేది. అమ్మ గుర్తులు! ఆ సంగతి తట్టగానే కళ్ళు చెమర్చాయి. అమ్మ పుస్తకంలో ఏనాడూ గీత గీసి ఎరగదు, పుస్తకం మీద కలం పెడితే చెయ్యి నరికేసినంత పని చేసేది. మరి ఇందులో ఎవరూ చూడరనుకుని పెట్టుకుందేమో. అమ్మకి ఏ మాటలు తగిలాయో, ఎక్కడ ఆగిందో, అదంతా ఇన్నాళ్ళకి చేతికి దొరికినట్టయింది. పాఠానికి రావలసినవాళ్ళు ఆలస్యం చేస్తే ఇదివరకు గడియారం చూసి గొణిగేది, ఇప్పుడు ఇంకాస్త ఆలస్యమైతే బాగుండునని చూసేది.

ఒకరోజు అలాగే ఒక అధ్యాయం చదివి, మర్నాడు మళ్ళీ తెరిచింది. నిన్న తెల్లగా ఉన్న వాక్యం ఇవాళ పసుపుగా ఉంది.

"దుర్గమారణ్యాలు దాటి దుఃఖార్ణవాన్ని ఈదినవాడు వెనుదిరిగి చూడడు."

బ్రేకమ్మ కాలు బ్రేకు మీద పడింది. కారు ఆగే ఉంది. అమ్మే వచ్చి పూసిందా అనుకుని, ట్యాబ్‌ని స్వెట్టరులో చుట్టేసి, ఆ రోజు పాఠాలన్నీ పరధ్యానంగానే చెప్పింది. సాయంత్రం మొగుడి ముందు పెడితే ఆయన అటూ ఇటూ నొక్కి చూసి పకపకా నవ్వాడు.

"దయ్యమూ లేదు, ఏమీ లేదు. ఇది తెరిచింది మీ చెల్లెలి పేరు మీద. ఆవిడ ఫోనులోనూ ఇదే ఖాతా ఉండి ఉంటుంది. అక్కడ రంగు పూస్తే ఇక్కడ పడుతోంది."

"అయితే ఇవి అమ్మవి కావా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "కొన్ని అయ్యుండొచ్చులే" అన్నాడు మెల్లగా. కానివి కూడా అయ్యుండొచ్చునని ఇద్దరికీ తెలుసు.

"నేను చదువుతున్నట్టు దానికి తెలుస్తుందా?"

"నువ్వూ రంగు పూస్తే తెలుస్తుంది. ఊరికే చదివితే ఎందుకు తెలుస్తుంది? పోనీ, వేరే ఖాతా పెట్టేయనా?"

పెట్టేయమని చెప్పాల్సిందే. ఎదుటివాళ్ళ ప్రార్థన చాటునుంచి వినడం ఏం మర్యాద? కానీ ఆవిడ నోటి వెంట, "ఉండనీ, ఇప్పుడేం తొందర" అన్న మాటే వచ్చింది.

ఆనాటి నుంచి బ్రేకమ్మకి చదువు అన్నది లేదు, వెతుకులాటే. పొద్దున లేస్తూనే ట్యాబ్ తెరిచి, కొత్త పసుపు ఎక్కడుందా అని జరపడమే. రోజూ పడేది. ఒక్కోరోజు ఒకటి, ఒక్కోరోజు అధ్యాయమంతా పసుపు చల్లినట్టు. వెనుదిరిగి చూడనివాడి గురించి ఎందుకు పూసింది? ఇల్లు వదిలి పోదామనుకుంటోందా? మరిదితో పడటం లేదా? ఆ వారంలోనే ఇంకోటి పడింది: "స్థిరనివాసభ్రష్టుడికి నక్షత్రాలే పైకప్పు." అదిగో, అనుకున్నంతా అయింది! కొంపా గోడూ ఏమయ్యాయో! తర్వాత పడింది చూసేసరికి ఆవిడకి ముద్ద దిగలేదు: "నిశ్శబ్దంలో శబ్దం లయించినట్టు శ్వాస విశ్వాసంలో లయిస్తుంది." శ్వాస లయించడమంటే ఏమిటి? ఎవరి శ్వాస?

"ఒక ఫోను కొట్టి కనుక్కో, పోతుంది" అన్నాడు మొగుడు.

"ఏమని కొట్టను? నీ గ్రంథంలోకి తొంగిచూశానని చెప్పనా?"

"నీకు తెలియాల్సింది తెలియదు, ఊరుకోవాల్సిన చోట ఊరుకోవు. మధ్యలో నాకు అన్నం మాడుతోంది" అని ఆయన లేచి పొయ్యి కట్టేశాడు.

ఆవిడ ఊరుకోలేకపోయింది. ఒక మధ్యాహ్నం, పాఠానికి రావలసినావిడ రాకపోతే, కారు నీడన ఆపుకుని గ్రంథమంతా గాలించి ఒక వాక్యం పట్టుకుంది. తోబుట్టువు తలుపు తడితే గడియ తీయడానికి క్షణం ఆలోచించవద్దని చెప్పే వాక్యం అది. వేలు నొక్కి పెడితే రంగులు వరసగా వచ్చాయి. పసుపు కాక నీలం ఎంచుకుంది. పూసేశాక చెరిపేద్దామనుకుంది, ఎలా చెరపాలో తెలియలేదు. ఈలోపు తరవాతి పాఠం వాళ్ళు వచ్చి కారు తలుపు తీశారు.

మర్నాడు తెరిచింది. కొత్త పసుపు లేదు. ఆ మర్నాడూ లేదు. వారం గడిచింది, నీలం ఒక్కటే బిక్కుబిక్కుమంటూ ఉంది. ఇదివరకు పసుపు కనపడితే బెంగ, ఇప్పుడు కనపడకపోతే అంతకు పదింతలు. మొహం మీదే తలుపు మూసేసిందనుకుంది ఒకసారి. ఏదైనా జరగరానిది జరిగిందేమో అనుకుంది ఇంకోసారి. నేర్చుకునేవాళ్ళని ఊరికే కసరసాగింది. ఎడమవైపు తిప్పమనబోయి కుడివైపు అనేది.

అలాంటి రోజుల్లోనే పళ్ళ డాక్టరు పాఠం వచ్చింది. ఈ పళ్ళ డాక్టరు బ్రేకమ్మ విద్యార్థులందరిలోకీ మొండిఘటం. మొండితనమంటే పొగరు కాదు, భయం. ఎంతెంత పెద్దవాళ్ళ నోళ్ళలోనో చెయ్యి వణక్కుండా సూది దించే మనిషి, స్టీరింగు ముట్టుకుంటే చలిజ్వరం వచ్చినట్టు వణికేవాడు. ఇప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పాడు.

"ఇవాళ బస్టాండు చుట్టూ తిరుగుదాం డాక్టర్ గారూ. బస్సుల మధ్య నడిపితే భయం పోతుంది" అంది బ్రేకమ్మ. నిజానికి ఆవిడ రెండేళ్ళుగా ఆ బస్టాండు ఛాయలకి కూడా పోలేదు. చెల్లెలి గొంతు మైకులో వినపడుతుందని. ఇవాళ వినాలని ఉంది. వింటే చాలు, మనిషి ఉన్నట్టు లెక్క.

"బస్సుల మధ్యనా మేడమ్? నా ఆసుపత్రిలో పేషెంట్లు ఎదురుచూస్తుంటారు, నేను తిరిగి వెళ్ళాలి."

"వెళ్తారు లెండి. క్లచ్ మెల్లగా వదలండి."

బస్టాండు ముందు బస్సులు ఒకదాని వెనక ఒకటి బుసలు కొడుతున్నాయి. పళ్ళ డాక్టరు నత్తలా పోనిస్తున్నాడు. బ్రేకమ్మ అద్దం దించి చెవి బయట పెట్టింది. మైకు గరగరలాడి మోగింది. ప్లాట్‌ఫారం నంబరు చెప్పింది, ఊరి పేరు చెప్పింది, సామాన్లు జాగ్రత్త అంది. ఎవరో కొత్తమ్మాయి గొంతు. ముక్కుతో మాట్లాడుతోంది.

"ఆపండి."

"ఇక్కడా? వెనకాల బస్సు..."

ఆయన ఆపేలోగా ఆవిడ తన బ్రేకు తొక్కేసింది. వెనక బస్సు హారను కొడుతుండగానే దిగి లోపలికి పరుగెత్తింది. విచారణ కిటికీ దగ్గర కూర్చున్నాయన కళ్ళు ఎత్తకుండానే, "ఆవిడా? చాలా రోజులుగా సెలవులో ఉంది. ఒంట్లో బాగా లేదట" అన్నాడు. ఏమైందంటే, "గొంతేదో... సరిగ్గా తెలియదమ్మా" అని వెనకాల వరసని రమ్మన్నాడు.

తిరిగి వచ్చేసరికి పళ్ళ డాక్టరు రెండు చేతులతో స్టీరింగుని పట్టుకుని, తిట్లన్నీ తనే తింటూ కూర్చున్నాడు. బ్రేకమ్మ సీట్లో పడి, "జరగండి, నేను నడుపుతాను" అనబోయి తన చేతుల్ని చూసుకుంది. అవి ఆయన చేతులకంటే ఎక్కువ వణుకుతున్నాయి.

"డాక్టర్ గారూ, మీరే నడపాలి. మా చెల్లెలింటికి."

ఆయన ఒక్క క్షణం ఆవిడ మొహం చూశాడు. పంటి నొప్పితో వచ్చినవాళ్ళ మొహాలు రోజూ చూసే మనిషికి అడగకూడని వేళ తెలుసు. "ఎటు తిప్పాలో ముందుగా చెప్పండి, చాలు" అని గేరు వేశాడు.

ఆ ప్రయాణం ఎలా సాగిందో ఆవిడకి సగమే గుర్తు. పెద్ద సర్కిల్ దగ్గర ఒక లారీ మీదికి వస్తే ఆయన పళ్ళు బిగించి దాటించాడు. వంతెన ఎక్కేటప్పుడు కారు వెనక్కి జారితే, "జారుతోంది మేడమ్, జారుతోంది" అంటూనే ముందుకి దూకించాడు. వీధి మలుపులో చెత్తడబ్బాని ముద్దు పెట్టుకుని వచ్చింది కారు. అపార్ట్‌మెంటు ముందు ఆగాక గానీ బ్రేకమ్మకి తట్టలేదు, దారి పొడుగునా తన కాలు ఒక్కసారి కూడా బ్రేకు తొక్కలేదని.

లిఫ్టు పైన ఎక్కడో ఉంటే మెట్లెక్కింది. తలుపు ముందు నిలబడి చెయ్యెత్తి, ఆగిపోయింది. లోపల ఎవరో పసిపిల్ల చదువు నేర్చుకుంటోంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, మధ్యలో ఆగి, మళ్ళీ మొదటికి వెళ్ళి. "దుర్... దుర్గ... మా... దుర్గమా..." ఆ ఇంట్లో పసిపిల్లలెవరూ లేరు. ఆ సంగతి బుర్రకి ఎక్కేసరికి బ్రేకమ్మ తలుపు తట్టిందో, దానిమీద పడిందో.

చెల్లెలి కూతురు తీసింది. ఉద్యోగానికి పోవలసిన వేళలో ఇంటి బట్టల్లో ఉంది. "పెద్దమ్మా!" అని నోరు తెరుచుకుని, పక్కకి తప్పుకుంది.

చెల్లెలు బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా సీసాకి ఆనించిన ఫోను. కుడిచెయ్యి ఒళ్ళో మెత్తగా పడి ఉంది. మూతి ఒక పక్కకి రవ్వంత జారింది, చూసేవాళ్ళకి వెంటనే తెలియనంత. బ్రేకమ్మకి తెలిసింది. అక్కని చూడగానే చెల్లెలు ఎడమచేత్తో ఫోనుని బోర్లించింది.

"ఎ...వరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదే. బస్టాండులో నీ గొంతు లేదు."

చెల్లెలు మొహం తిప్పుకుంది. కూతురే చెప్పుకొచ్చింది. ఒకరోజు మైకు ముందు కూర్చుని బస్సు నంబరు చెప్పిందట, ఊరి పేరు దగ్గర నోరు ఆగిపోయిందట. పుట్టినప్పటి నుంచీ తెలిసిన ఊరే. మెదడులో ఒక చిన్న నరం మూసుకుపోయిందన్నారు డాక్టర్లు. చెయ్యి కొంత తిరిగొచ్చింది, మాటే మొరాయిస్తోంది. "నీకు చెప్తానంటే ఒట్టు పెట్టించుకుంది పెద్దమ్మా. నోరు పడిపోయాక అక్కకి కనపడనంది."

"ఈ ఫోనులో చదవడం?"

"మాట నేర్పే ఆవిడ చెప్పింది. బాగా నోటికొచ్చింది ఏదైనా ఉంటే రోజూ పైకి చదవమంది. నాలుక తిరగని చోటల్లా గుర్తు పెట్టుకోమంది. పుస్తకం పట్టుకుని పేజీ తిప్పాలంటే ఒంటి చేత్తో కుదరదు. దీన్నైతే ఇలా ఆనించి, వేలితో జరపడమే."

"గుర్తంటే... పసుపు రంగా?"

"అవును. ఏం?"

బ్రేకమ్మ కుర్చీ లాక్కుని కూలబడింది. "మరి వెనుదిరిగి చూడనివాడి గురించి పూసింది? ఇల్లు లేనివాడి గురించి? ఆ శ్వాస సంగతి?"

చెల్లెలు వింతగా చూసింది. "ఏ... ఇల్లు?"

కూతురు ఫోను తిప్పి చూసి నవ్వేసింది. "దుర్గమారణ్యాలు, దుఃఖార్ణవం, స్థిరనివాసభ్రష్టుడు... నాకే నోరు తిరగవు పెద్దమ్మా ఇవి!"

బ్రేకమ్మ నవ్వబోయింది, నవ్వు ఏడుపై బయటికొచ్చింది. ఇన్ని రోజులు తను బెంగపడి, అన్నాలు మాడ్చి, చెల్లెలి కాపురం కూల్చి, కొంప వేలం వేసి, పాడె కూడా కట్టినంత పని చేసింది ఒత్తుల మీదా వట్రుసుడుల మీదానా! అసలు బాధ ఆ వాక్యాల అర్థంలో ఎక్కడా లేదు. నోట్లో ఉంది.

"నీలం... నువ్వే" అంది చెల్లెలు.

"నీకెలా తెలుసు?"

చెల్లెలు ఫోను ముందుకి తోసింది. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "నేను... ఒక చోట ఆపితే... రోజూ... ఇంకో చోట... తెరుచుకునేది."

"ఎవరు ఎక్కడ ఆపితే అక్కణ్నుంచే తెరుచుకుంటుంది పెద్దమ్మా, ఇద్దరికీ" అంది కూతురు. "మొదటి రోజు నుంచీ తెలుసు. అమ్మమ్మ ట్యాబ్ నీ దగ్గరే ఉంది కదా. నువ్వు మహా నెమ్మదిగా చదువుతావు తెలుసా? రెండు రోజులు ఒకే పేజీలో ఉంటావు. ఖాతా మార్చేస్తానంటే అమ్మ వద్దంది."

బ్రేకమ్మ చెల్లెలి వైపు చూసింది. తను చాటునుంచి చూస్తున్నాననుకున్నన్నాళ్ళూ అవతల ఇదీ చూస్తూనే ఉంది! పైగా ఖాతా మార్చనివ్వలేదు. ఆవిడకి సిగ్గూ, కోపమూ, ఇంకేదో కూడా ఒక్కసారి ముంచుకొచ్చాయి.

"అంత తెలిసినదానివి, నేను నీలం పెట్టాక ఎందుకే ఆపేశావు? వారం రోజులు చచ్చి బతికాను."

చెల్లెలి మొహం ఎర్రబడింది. ఏదో అనబోయింది, పెదవులు కదిలాయి, మాట రాలేదు. కూతురు అందుకోబోతే చెయ్యెత్తి ఆపింది. బల్ల మీద పిడికిలితో గట్టిగా తట్టింది, మళ్ళీ తట్టింది. ఆ దెబ్బలకి ఫోను పడిపోయింది. అప్పుడు ఒక్కొక్క మాటే బయటికి లాగింది.

"తలుపు తట్టడం గురించి... రంగు పూస్తావు. తలుపు మాత్రం... తట్టవు."

బ్రేకమ్మ పడిపోయిన ఫోనుని తీసి మళ్ళీ సీసాకి ఆనించింది. ఈలోగా తలుపు దగ్గర ఎవరో దగ్గారు. పళ్ళ డాక్టరు తాళంచెవులు పట్టుకుని నిలబడ్డాడు. "మేడమ్, రెండు కార్ల మధ్య రివర్సులో పెట్టాను. ఎవరికీ తగల్లేదు" అన్నాడు. తర్వాత గదిలో వాళ్ళ మొహాలు చూసి, "నేను టాక్సీలో వెళ్తాను లెండి" అని తాళాలు బల్ల మీద పెట్టి, గబగబా మెట్లు దిగిపోయాడు.

తర్వాతి నుంచి బ్రేకమ్మ సాయంత్రం పాఠాలు తగ్గించుకుని చెల్లెలింటికి వెళ్ళి ఎదురుగా కూర్చునేది. చెల్లెలు చదివేది, తను వినేది. వినడమంటే తేలికనుకుంది గానీ అదో పరీక్ష. చెల్లెలు "వి" అనగానే ఈవిడ "విశ్వాసం" అని అందించేసేది. మాట నేర్పే ఆవిడ ఒకరోజు వచ్చి చూసి, "మీరు అందిస్తే ఆవిడ నాలుక ఎప్పటికీ కదలదు. చేతులు కట్టుకుని కూర్చోండి, లేదా వంటింట్లోకి వెళ్ళండి" అని మొహమ్మీదే చెప్పింది. బ్రేకమ్మ వంటింట్లోకి వెళ్ళింది. అక్కణ్నుంచి కూడా అందించింది. చివరికి నోట్లో మంచినీళ్ళు పోసుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. మింగకుండా, ఉమ్మకుండా, కళ్ళు పెద్దవి చేసుకుని, చెల్లెలు మాట పూర్తిచేసేదాకా. ఆ అవతారం చూసి చెల్లెలు నవ్వి, నవ్వులో పడి మళ్ళీ మాట తప్పేది.

బ్రేకమ్మ మనసు కుదుటపడిందా అంటే లేదు. డాక్టర్లు ఆ నరం జబ్బు మళ్ళీ రావచ్చని కూడా అన్నారు, రాకపోవచ్చని కూడా అన్నారు. ఇంట్లో ఉన్నప్పుడు ట్యాబ్ తెరిచి పసుపు ఎక్కువైతే ఉలిక్కిపడేది, తక్కువైతే చదివిందో లేదోనని ఫోను చేసేది. "చదివానే... బాబూ" అని విసుక్కునేది చెల్లెలు. విసుగులో మాట ఎంత గట్టిగా వస్తోందో అని ఈవిడ సంబరపడేది. బస్టాండు వాళ్ళు చెల్లెలికి లోపల గదిలో, మైకు లేని పని ఇచ్చారు. ఆ కబురు తెలిసిన రోజు చెల్లెలు గ్రంథం తెరవలేదు, అక్కనీ రావద్దంది. మరునాడు మళ్ళీ మొదలుపెట్టింది.

చలి తగ్గి కిటికీలు తెరిచిపెట్టే రోజులు వచ్చాక, ఒక సాయంత్రం చెల్లెలు ఒక అధ్యాయం మొత్తం చదివింది. నెమ్మదిగానే, కానీ ఎక్కడా ఆగకుండా. బ్రేకమ్మ నోట్లో నీళ్ళు మింగేసి, చప్పట్లు కొట్టబోతూ లేచింది.

"కూర్చో" అంది చెల్లెలు. "ఇప్పుడు నాలుక... తిరుగుతోంది. పరుపుల సంగతి మాట్లాడాలి."

"ఇప్పుడవన్నీ ఎందుకే? అయిపోయిందేదో అయిపోయింది."

"నీకు అయిపోయింది. నేను... చెప్పాలి. మైకులో వాగి వాగి అన్నావు. అక్కణ్నుంచి మొదలు. మధ్యలో అందుకోకు."

బ్రేకమ్మ కూర్చుంది. చెల్లెలు ఫోను పక్కకి పెట్టి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి మొదలుపెట్టింది. ఒక్కో మాట బరువుగా, తూకం వేసినట్టు వస్తోంది. వాటిలో కొన్ని న్యాయమైనవి, కొన్ని శుద్ధ అన్యాయమైనవి. అన్యాయమైనవాటికి బ్రేకమ్మ నోటి చివరిదాకా జవాబు వచ్చి ఆగుతోంది. కింద వీధిలో పిల్లలు ఆడుకుని ఇళ్ళకి పోయారు. పాఠానికి రావలసినవాళ్ళెవరో ఎదురుచూసి ఎదురుచూసి కాబోలు, ఆవిడ సంచిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. మోగి మోగి అది ఆగింది. చెల్లెలు ఇంకా మొదటి మాట దగ్గరే ఉంది.